లోడుతో ఘాట్ ఎక్కని పాత లారీ: ఇంజన్ దించే ముందు ఒక డబ్బా డీజిల్‌తో చూడు

ప్రశ్న: అన్నా, నమస్తే. నాది 2006 మోడల్ టాటా 1613 టర్బో. మూడేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, నేనే నడుపుకుంటాను. బేతంచెర్లలో నాపరాళ్లు వేసుకుని నంద్యాల, గిద్దలూరు మీదుగా ఒంగోలు వైపు పోతుంటాను. రెండు నెలల నుంచి లోడుతో బండి లాగడం లేదు. ఖాళీగా వచ్చేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. గాజులపల్లె దాటి ఘాట్ మొదలయ్యాక ఓ పది నిమిషాలు బాగానే ఎక్కుతుంది, తర్వాత మెల్లగా బలం పోయి ఫస్ట్ గేరుకు వచ్చేస్తుంది. పక్కకు తీసి పది నిమిషాలు ఆపితే మళ్లీ కొంత దూరం మామూలుగా లాగుతుంది. పొగ ఎక్కువేం లేదు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది, ఇంజన్ ఆయిల్ తగ్గడం లేదు. డీజిల్ ఫిల్టర్లు మార్పిస్తే ఒక ట్రిప్పు బాగుంది, రెండో ట్రిప్పుకు మళ్లీ అదే కథ. ఈమధ్య డీజిల్ డ్రమ్ములో తెచ్చి ఇంటి దగ్గర పోసుకుంటున్నాను. మెకానిక్ బోర్ అయిపోయింది, ఇంజన్ దించాలి, లక్షన్నర అవుతుంది అంటున్నాడు. ఇంట్లో బంగారం కుదువ పెడదామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ బంగారం బీరువాలోనే ఉండనీ. బండిని నేను చూడలేదు కాబట్టి ఫలానా సామానే పోయిందని ఇక్కడి నుంచి చెప్పలేను. కానీ నువ్వు రాసిన నాలుగు ముక్కల్లో ఇంజన్ దించాల్సిన అవసరం చూపించే మాట ఒక్కటి కూడా నాకు కనపడలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట "పది నిమిషాలు ఆపితే మళ్లీ లాగుతుంది" అన్నది. బోర్ అయిపోవడమంటే సిలిండర్ లోపలి గోడలు (లైనర్లు), పిస్టన్ రింగులు అరగడం. అవి అరిగితే పది నిమిషాలు నీడన ఆపినంత మాత్రాన ఆ అరుగుదల పూడదు కదా. బోర్ అయిపోయిన ఇంజన్ పొద్దున స్టార్ట్ కావడానికే ఏడిపిస్తుంది, ఆయిల్ తాగుతుంది, నీలం పొగ కొడుతుంది, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే బుస్సుబుస్సుమని లోపలి గాలి (బ్యాక్ కంప్రెషన్) కొడుతుంది. నువ్వేమో సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది, ఆయిల్ తగ్గడం లేదు అంటున్నావు. ఆ మూత ఒకసారి నువ్వే తీసి చూడు. కొంచెం ఆవిరిలా రావడం పాత ఇంజన్‌కు మామూలే. చెయ్యి అడ్డం పెడితే నెట్టేసేంత గాలి వస్తుంటే అప్పుడు వేరే మాట.

రెండోది పొగ. డీజిల్ ఇంజన్ బలం తగ్గినప్పుడు సైలెన్సర్ దగ్గర పొగే సగం సంగతి చెప్పేస్తుంది. ఒక లీటరు డీజిల్ సరిగా కాలాలంటే దాదాపు 10,000 లీటర్ల గాలి కావాలి. డీజిల్ అందుతూ గాలి అందకపోతే ఆ కాలని డీజిల్ నల్ల పొగగా బయటికొస్తుంది. బలమూ లేక, పొగా లేక బండి ఊరికే నీరసించిపోతుంటే మొదట అనుమానించాల్సింది డీజిల్‌నే, సిలిండర్లలోకి కావాల్సినంత చేరడం లేదని. ఈ సంగతి అద్దంలో చూసి తేల్చుకోకు, లోడు బండిలో నీకు వెనక సరిగ్గా కనపడదు. బలం పోయే సమయంలో వెనక వస్తున్న తెలిసిన బండి డ్రైవర్‌నో, మలుపు దగ్గర దింపిన క్లీనర్‌నో చూడమను.

ఖాళీగా ఎందుకు బాగుంటుందో కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. 16 టన్నుల బండి చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు పోవడానికి చక్రాల దగ్గర సుమారు 25 హార్స్ పవర్ చాలు. అదే బండి ప్రతి 20 అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు మీద, గంటకు 20 కిలోమీటర్లతో ఎక్కాలంటే 70 దాకా కావాలి. ఇంకా నిటారు మలుపులో, ఇంకొంచెం లోడు ఎక్కువైతే నీ 697 ఇంజన్ తనకున్న 130నీ పెట్టాల్సిందే. ఐడిల్‌లో గంటకు రెండు లీటర్లు తాగే ఇంజన్ అప్పుడు గంటకు 20 లీటర్లు దాటి అడుగుతుంది. సగం మూసుకుపోయిన పైపు ఖాళీ బండికి సరిపోతుంది, షెడ్డులో రేస్ ఇచ్చి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే దొరికిపోతుంది. మీ మెకానిక్ తప్పు అని నేననను, షెడ్డులో నిలబెట్టి చూస్తే ఈ రోగం ఎవరికీ కనపడదు. లోడుతో ఒక్క ట్రిప్పు పక్కన కూర్చుని రాకుండా ఇంజన్ దించమనడమే నాకు నచ్చలేదు.

ఫిల్టర్లు మార్చాక ఒక ట్రిప్పు బాగుండి మళ్లీ మొదలైంది అన్నావు, దానికి తోడు డ్రమ్ము డీజిల్. ఈ రెండూ కలిపి చూస్తే నా అనుమానం సూటిగా ట్యాంకు మీదికే పోతోంది. డ్రమ్ముల్లో అడుగున తుప్పు, నీళ్లు ఉంటాయి. నీళ్లున్న చోట డీజిల్‌లో నల్లటి జిగురు లాంటి పాచి పెరుగుతుంది. ఇంజన్ గట్టిగా డీజిల్ పీల్చినప్పుడు ఆ చెత్తంతా వచ్చి ట్యాంకులో పైపు చివరి జాలీకి అతుక్కుంటుంది. ఇంజన్ ఆపితే పీల్చడం ఆగి అది మెల్లగా ఊడి కిందికి జారిపోతుంది. నీ పది నిమిషాల విశ్రాంతిలో జరుగుతున్నది ఇదే అయ్యుంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే రోజుల్లో మా షెడ్డుకు ఒక పది టైర్ల బండి వచ్చింది. సరిగ్గా నీ కంప్లయింటే. అప్పటికే వేరేచోట సిలిండర్లకు డీజిల్ కొట్టే పంపు రెండుసార్లు కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) అయింది, డీజిల్ చిమ్మే ఆరు నాజిళ్లూ కొత్తవి వేశారు. ట్యాంకు దింపి కడిగితే ఆయిల్ డబ్బా మూత కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి బయటపడింది. ఎత్తు మీద డీజిల్ గట్టిగా లాగినప్పుడు వచ్చి పైపు మూతికి అంటుకునేది, ఆపితే ఊడిపోయేది. ఆ ఓనరు ఆ బిళ్లను అరచేతిలో పెట్టుకుని అక్కడే నేలమీద చాలాసేపు కూర్చుండిపోయాడు. ఆయన మొహం నాకింకా గుర్తుంది, నీకు ఆ పరిస్థితి రాకూడదని నా తాపత్రయం.

సరే, ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను. పైసా ఖర్చు లేని వాటితో మొదలుపెట్టు.

ఇంజన్ ఆపి ఉండగా ఒకరిని ఎక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టమని, నువ్వు పంపు దగ్గర లివర్ చూడు. అది చివరి స్టాపర్ బోల్టుకు తగలాలి. లింకేజీ బుష్‌లు అరిగో, పెడల్ కింద మ్యాట్ ముడతపడో పావు అంగుళం తక్కువ పడినా లోడులో తేడా తెలుస్తుంది. ఇంజన్ ఆపే స్టాప్ లివర్ కూడా పూర్తిగా వెనక్కి వస్తోందా చూడు. కేబుల్ పట్టేసి అది సగంలో ఆగితే పంపు పూర్తి డీజిల్ ఇవ్వదు. ఇవి ఆపితే బాగయ్యే జబ్బులు కావు, అయినా రెండు నిమిషాల పని, చూసేయ్.

తర్వాత ట్యాంకు మూత. మూతకు గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది, దుమ్ముతో పూడిపోతే ట్యాంకులో డీజిల్ తగ్గినకొద్దీ లోపల గాలి ఖాళీ అయ్యి పంపుతో పోటీకి దిగుతుంది. ఈసారి బలం పోయినప్పుడు బండి భద్రంగా పక్కకు తీసి వెంటనే మూత తిప్పి విను. స్‌స్‌మని గాలి లోపలికి పీలిస్తే దొంగ దొరికినట్టే.

అదే చోట, అదే నిమిషంలో ఇంకో పని కూడా చెయ్యి. ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకు ఇచ్చే ఫీడ్ పంపు మీద ఉండే చేతి పంపు విప్పి కొట్టి చూడు. పైకి లాగుతుంటే గట్టిగా పట్టేసి, వదిలితే తనంతట తనే కిందికి గుంజుకుపోతోందంటే ట్యాంకు వైపు ఎక్కడో అడ్డం ఉంది. దూదిలా మెత్తగా, పట్టు లేకుండా పోతుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఫీడ్ పంపు వాల్వులే పోయాయి. గాలి అనుమానమైతే ఫీడ్ పంపుకు వచ్చే పైపులో ఒక అడుగు మేర పారదర్శకంగా ఉండే డీజిల్ పైపు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడు. పాత కాపర్ వాషర్లే మళ్లీ మళ్లీ బిగించిన బెంజో బోల్టుల (పైపు కలిపే బోలు బోల్టుల) దగ్గర ఈ గాలి ఎక్కువగా పడుతుంది. పీల్చే వైపు లీకు కాబట్టి డీజిల్ బయటికి కారదు, అందుకే కంటికి కనపడదు.

ఇక అసలు పరీక్ష. దీన్ని చేయకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకు. శుభ్రమైన 20 లీటర్ల డబ్బా తీసుకుని బంకులో కొత్త డీజిల్ పోయించు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే పైపు విప్పేసి, కొత్త పైపుతో ఈ డబ్బా నుంచి డీజిల్ ఇవ్వు. డబ్బాను క్యాబిన్ లోపల పెట్టకు. టర్బోకు, సైలెన్సర్‌కు దూరంగా బాడీ ముందు మూలకు, కదలకుండా తాళ్లతో కట్టు, మూతలో చిన్న గాలి సందు ఉంచు. మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపును కూడా అదే డబ్బాలోకి పెట్టు. చాలామంది ఇది మరిచిపోతారు. పంపు తనకు అవసరమైనదానికంటే ఎక్కువ లాగి మిగిలింది రిటర్న్‌లో వదులుతుంది, అదంతా ట్యాంకులోకి పోతే డబ్బా చూస్తుండగానే ఖాళీ అయి మధ్య దారిలో పైపుల్లోకి గాలి పడుతుంది. పైపులు మార్చినప్పుడు పడిన గాలి తీసేసి, ఎప్పుడూ వేసే లోడుతోనే, పగటిపూట, పక్కన ఒక మనిషిని పెట్టుకుని అదే ఎత్తు ఎక్కు.

డబ్బాతో బండి మునుపటిలా లాగిందా, ఇంజన్, పంపు, నాజిళ్లు, టర్బో అన్నీ బాగున్నట్టే. జబ్బు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉంది. ట్యాంకు దింపించి పూర్తిగా కడిగించు, లోపలి పైపు, జాలీ బయటికి తీసి చూడు. రబ్బరు పైపును బయటి నుంచి చూసి బాగుందనుకోకు. 2006 నాటి పైపు అయితే లోపలి పొర ఊడి వాల్వులాగా మూసుకుంటుంది, ఊదితే గాలి పోతుంది, పీలిస్తే మూసుకుంటుంది. చూడకుండానే మార్చెయ్, ఖరీదైనదేం కాదు. ఫీడ్ పంపు దగ్గర, లోపలికి వచ్చే చోట కూడా చిన్న జాలీ ఉంటుంది, ఫిల్టర్లు మార్చేవాళ్లు దాన్ని వదిలేస్తుంటారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. ట్యాంకుకు చిల్లు కనపడినా, లోపల తుప్పు తీయాలన్నా, కడగని ట్యాంకు మీద గ్యాస్ కట్టింగ్ గానీ వెల్డింగ్ గానీ ఎవరినీ పెట్టనివ్వకు. డీజిలే కదా అంటారు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి మనుషుల ప్రాణాలు తీస్తుంది.

డబ్బాతో కూడా అదే చోట బలం పోయిందనుకో, అప్పుడు ముందుకు పోదాం. ఫీడ్ పంపు ప్రెషర్ గేజ్ పెట్టి చూపించు. ఇలాంటి లైన్ పంపులకు సాధారణంగా 1 నుంచి 1.5 బార్ దాకా ఉంటుంది, నీ పంపుకు ఎంత ఉండాలో పంపు షాపువాళ్ల దగ్గర పట్టిక ఉంటుంది. ఐడిల్‌లో ఎంతుందన్నది పెద్ద విషయం కాదు, ఫుల్ రేసులో పడిపోతోందా అన్నదే చూడాలి. పంపుకు రిటర్న్ బయలుదేరే చోట ఓవర్‌ఫ్లో వాల్వు ఉంటుంది. లోపలి స్ప్రింగ్ విరిగితే డీజిల్ అంతా ట్యాంకుకు తిరిగిపోతుంది, పంపుకు ప్రెషర్ ఉండదు. కొన్నిచోట్ల ఆ వాల్వు బదులు మామూలు బెంజో బోల్టు బిగించేస్తారు, సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి నువ్వు కొనేముందే అలా జరిగిందేమో చూడు. పెద్ద పంపు (మైకో పంపు) విప్పించడం, కాలిబ్రేషన్, ఇవన్నీ ఆ తర్వాతే. పంపు లోపల డీజిల్ నెట్టే ఎలిమెంట్లు అరిగితే వేడిలో బలం తగ్గే మాట నిజమే, కానీ అప్పుడు వేడి మీద ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. ఘాట్‌లో ఆపినప్పుడు నీకు అలా అవుతోందా లేదా నువ్వు రాయలేదు, గమనించు.

గాలి వైపు కూడా ఒకసారి చూసెయ్, పొగ లేదు కాబట్టి తొందర లేదు. ఎయిర్ క్లీనర్, టర్బో నుంచి సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌కు పోయే హోస్ పైపు, దాని క్లిప్పులు. సబ్బు నీళ్లు కొట్టి రేస్ ఇస్తే లీకున్న చోట నురగ లేస్తుంది. మానిఫోల్డ్ నుంచి పంపు మీది డయాఫ్రమ్‌కు పోయే సన్న పైపు నీ బండికి ఉంటే దాన్ని వేళ్లతో తడిమి చూడు. అది పగిలితే టర్బో గాలి వచ్చిన సంగతి పంపుకు తెలియదు, డీజిల్ పెంచదు, పొగ లేకుండానే బలం పోతుంది.

ఇంజన్‌తో సంబంధం లేనివి రెండున్నాయి. బలం పోయేటప్పుడు ఇంజన్ శబ్దం కిందికి పడిపోతోందా, లేక ఇంజన్ అరుస్తుండగా బండి మాత్రం నెమ్మదిస్తోందా? రెండోదైతే క్లచ్ జారుతోంది, కాలిన వాసన కూడా వస్తుంది. ఇంకోటి బ్రేకులు. ఏదో ఒక చక్రం పట్టేస్తుంటే వేడెక్కినకొద్దీ ఇంకా బిగుసుకోవచ్చు, ఆపితే చల్లారి వదలొచ్చు, నీ కంప్లయింటుకు ఇదీ సరిపోతుంది. అందుకే ఆపినప్పుడు ప్రతి హబ్ దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడు, తాకకు, కాలుతుంది. ఒకటి మిగతావాటికంటే మరీ సెగ కొడుతుంటే దాన్ని ఆ రోజే విప్పించు, దిగేటప్పుడు టైరుకు మంట అంటుకునే ప్రమాదం ఉంది.

ఎవరైనా "పంపు స్క్రూ కొంచెం తిప్పేస్తే లాగుతుందిలే" అంటే వద్దను. అందని డీజిల్‌ను స్క్రూ పుట్టించదు. తర్వాత ట్యాంకు శుభ్రం చేయించిన రోజు ఆ ఎక్కువ డీజిల్ ఒక్కసారిగా పడి నల్ల పొగ, వేడి మొదలై పిస్టన్లు, టర్బో దెబ్బతింటాయి. అప్పుడు నిజంగానే ఇంజన్ దించాలి.

ఘాట్‌లో ఆపేటప్పుడు మాత్రం జాగ్రత్త, తమ్ముడూ. మలుపులో ఆపకు, చక్రాలకు చెక్క దిమ్మెలు వెయ్యి, దొరికిన రాయి పెట్టి వదిలెయ్యకు, వెనక యాభై మీటర్ల దూరంలో త్రికోణం పెట్టు, ఇంకా దూరమైతే ఇంకా మంచిది. ఇంజన్ ఆగితే కంప్రెసర్ కూడా ఆగుతుంది, బ్రేకు గాలి మీటర్ మీద కన్నుంచు. బలం లేదని న్యూట్రల్‌లో వెనక్కి జారనిచ్చి సర్దుకునే ప్రయత్నం ఎప్పుడూ చేయకు.

డ్రమ్ము డీజిల్ ఇక మానెయ్. తప్పనిసరైతే డ్రమ్మును ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగున నాలుగు వేళ్ల లోతు వదిలేసి పైది మాత్రమే, సన్నని గుడ్డలో వడకట్టి పొయ్యి. ఫిల్టర్ గిన్నెల కింది బోల్టు వదులు చేసి వారానికొకసారి నీళ్లు దించు. ట్యాంకు కడిగించిన తర్వాత ఫిల్టర్లు రెండూ మళ్లీ మార్చాలి, మొన్నే మార్చాను కదా అని వదిలెయ్యకు, ఇప్పటికే వాటిలోకి చెత్త పట్టి ఉంటుంది. మొదటి నెలలో ఇంకోసారి కూడా మార్చాల్సి రావచ్చు.

డబ్బాతో ఎక్కి చూశాక నాకు మళ్లీ రాయి. బలం పోయినప్పుడు పొగ ఏ రంగు, చేతి పంపు గుంజిందా మెత్తగా పోయిందా, మూత తీస్తే గాలి పీల్చిందా, వేడి మీద స్టార్ట్ ఎలా ఉంది, ఏ హబ్ అయినా కాలుతోందా, ఈ ఐదూ రాస్తే చాలు. మెకానిక్‌ను కూడా ఆ ట్రిప్పుకు పక్కన కూర్చోబెట్టుకుని పో.